తెల్లపూలన్నీ ఒక్కటి కావు



ఫాల్గుణ మాసంలో టాటానగర్ నుంచి చక్రధర్‌పూర్ వైపు రైలెక్కితే కిటికీ పక్కన కూర్చోవాలి. ఆకంతా రాలిపోయిన కొమ్మల మీద గుత్తులు గుత్తులుగా మోదుగుపూలు. ఇక్కడివాళ్లు పలాశ్ అంటారు. ఝార్ఖండ్ రాష్ట్ర పుష్పం ఇదే. హోలీ ముందు రోజుల్లో ఆ పూలు ఏరి, ఎండబెట్టి, నీళ్లలో మరిగించి రంగు తీసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నా మటుకు నాకు బజార్లో పొట్లం కట్టి అమ్మే రంగు కంటే అదే నయం. బట్టకి అంటినా, ఒంటికి అంటినా భయం లేదు.

ఆ పూల కాషాయం దేనివల్ల వచ్చిందని పరిశోధించినవాళ్లలో మనవైపు పనిచేసినవాళ్లున్నారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం రసాయన శాఖను 1930లలో చేపట్టి, 1949లో ఢిల్లీ వెళ్లేదాకా నడిపినవాడు టి.ఆర్. శేషాద్రి. పుట్టింది తమిళదేశంలో. చదివింది మద్రాసులో, ఆ తర్వాత మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్‌సన్ దగ్గర. గొప్ప ప్రయోగశాలలున్న కాలం కాదది. దొరికే సరుకల్లా చుట్టూ ఉన్న చెట్లూ చేమలూ. పత్తిపూలు తెప్పించాడు, గోంగూర పూలు తెప్పించాడు, మోదుగుపూలు తెప్పించాడు. ఒక్కొక్క పువ్వులోంచి రంగు పదార్థాన్ని విడదీసి దాని నిర్మాణం ఏమిటో రాసుకుంటూ పోయారు ఆయనా, ఆయన శిష్యులూ. మోదుగులో దొరికినవాటిలో ముఖ్యమైనవి చాల్కోన్ అనే జాతి పదార్థాలు. ఈ చాల్కోన్ పేరు కాస్త గుర్తుపెట్టుకోండి. ఈ పూట చెప్పబోయే కథంతా అక్కడినుంచే దారి తీస్తుంది.

మొక్క రంగుని నేలలోంచి పీల్చుకోదు, తనే తయారుచేసుకుంటుంది. జంషెడ్‌పూర్‌లో ఉన్నవాళ్లకి ఇది చెప్పడం తేలిక. ఇనుప రాయి వచ్చి బ్లాస్ట్ ఫర్నేస్‌లో పడుతుంది, కరిగిన ఇనుము అవుతుంది. అది ఉక్కు కరిగించే షాపుకి పోయి ఉక్కవుతుంది. అక్కడినుంచి రోలింగ్ మిల్లుకి పోయి రేకవుతుంది. ఒక షాపులో చేసే పని ఇంకో షాపులో చేయరు. మధ్యలో ఒకటి ఆగితే దాని ముందున్న సరుకు పేరుకుంటుంది, వెనక ఉన్నవాటికి పని ఉండదు. పూరేకులోనూ అంతే. ఒక్కో మార్పుకి ఒక్కో ఎంజైము. ఆ ఎంజైము ఎలా ఉండాలో రాసి ఉన్న చీటీయే జన్యువు.

ముడిసరుకు ఫినైల్‌అలనిన్. మనం తినే పప్పులోనూ, పాలలోనూ ఉండే అమైనో ఆమ్లం. దానిమీద వరసగా మూడు ఎంజైములు పనిచేశాక చాల్కోన్ సింథేజ్ అనే ఎంజైము అందుకుంటుంది. అప్పుడు పుట్టేదే చాల్కోన్, పసుపు రంగు. చాలా మొక్కల్లో అది ఆ రూపంలో ఎంతోసేపు ఉండదు. తర్వాతి ఎంజైము దాన్ని మడిచి రంగులేని పదార్థంగా మార్చేస్తుంది. మోదుగు పువ్వులో మాత్రం చాలా సరుకు ఆ చాల్కోన్ దశలోనే నిలబడిపోతుంది. అందుకే ఆ కాషాయం.

రంగులేని దశ దాటాక దారి మూడుగా చీలుతుంది. అణువులో ఒక పక్కన ఉన్న ఉంగరానికి ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన జట్లు ఎన్ని తగిలించాలన్నదే తేడా. ఒకటే ఉంటే చివరికి పెలార్గోనిడిన్, అంటే నారింజ, ఎరుపు. రెండుంటే సయనిడిన్, గులాబీ ఎరుపు. మూడుంటే డెల్ఫినిడిన్, అంటే ఊదా, నీలం. ఈ మూడింటి నుంచి వచ్చే రంగులకే ఆంథోసయనిన్లని పేరు. రెండో జట్టు తగిలించే ఎంజైము వేరు, మూడోది తగిలించేది వేరు. ఆ మూడో ఎంజైము గులాబీకి లేదు, చామంతికి లేదు, కార్నేషన్‌కి లేదు. మన జూబిలీ పార్కు గులాబీ తోటలో ఎన్ని రకాలు చూసినా నీలం కనిపించకపోవడం తోటమాలి లోపం కాదు. గులాబీ దగ్గర ఆ ఒక్క పనిముట్టు లేదు, అంతే.

ఇక తెలుపు. తెల్లపువ్వంటే రంగు లేని పువ్వు, అందులో చెప్పేదేముంది అనుకుంటాం. నాకు మాత్రం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఆసక్తి తెల్లపూల మీదే.

మెండెల్ బఠానీలు బడిలో అందరం చదివాం. ఊదాపూల మొక్కనీ, తెల్లపూల మొక్కనీ కలిపాడు. మొదటి తరం అంతా ఊదా. రెండో తరంలో 705 ఊదా, 224 తెలుపు. 1866లో అచ్చయిన లెక్క ఇది. ఆ తెలుపు ఎందుకొచ్చిందో ఆయనకి తెలిసే వీలు లేదు. అది తేలింది 2010లో. చెడిపోయింది రంగు తయారుచేసే ఎంజైము జన్యువు కాదు. ఆ ఎంజైములన్నిటినీ పనిలోకి పిలిచే ప్రోటీను ఒకటుంటుంది, దాని జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. పిలిచేవాడు లేడు కనుక పనివాళ్లంతా ఉండీ పని జరగలేదు. అది ఒక రకం తెలుపు.

తెల్ల చామంతిది ఇంకో కథ. చామంతి పసుపు ఇంతసేపూ చెప్పిన దారిలో రాదు. అది క్యారెట్‌కీ, బంతిపువ్వుకీ రంగునిచ్చే కెరోటినాయిడ్ల జాతి. తెల్ల చామంతి పూరేకు ఆ పసుపుని తయారుచెయ్యడం మానలేదు. తయారుచేస్తూనే ఉంటుంది, పక్కనే ఇంకో ఎంజైము దాన్ని ముక్కలు చేసేస్తూ ఉంటుంది. దీన్ని జపాన్ శాస్త్రవేత్తలు 2006లో బయటపెట్టారు. తెల్ల చామంతి కుండీలో ఎప్పుడైనా ఒక కొమ్మకి పసుపుపూలు పూయడం మీరు చూసే ఉంటారు. ఎవరో దిష్టి పెట్టారనీ, విత్తనం కల్తీ అనీ అనుకోవద్దు. చాలాసార్లు ఆ కొమ్మలో పోయింది ముక్కలు చేసే ఎంజైము. అంటే ఇక్కడ ఒక జన్యువు పోతే రంగు పోలేదు, రంగు వచ్చింది!

మూడో తెలుపు పెటూనియాది. చలికాలం వస్తే మన ఊళ్లో కుండీల నిండా పెటూనియాలే. 1990లో అమెరికాలో కరోలిన్ నపోలి, రిచర్డ్ జోర్గెన్‌సన్ బృందం ఊదా పెటూనియాకి ఇంకా గాఢమైన రంగు రావాలని చాల్కోన్ సింథేజ్ జన్యువుని అదనంగా ఇంకొకటి చేర్చింది. ఎక్కువ ఎంజైము, ఎక్కువ రంగు అనేది లెక్క. తీరా పూస్తే చాలా మొక్కలకి తెల్లపూలు, చారలపూలు. కొత్త జన్యువు రాకతో పాతది కూడా నోరు మూసుకుంది. ఈ చిక్కు ఏమిటో కొన్నేళ్లపాటు ఎవరికీ సరిగ్గా అంతుపట్టలేదు. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో చిన్న పురుగుల మీద పనిచేస్తూ ఆర్ఎన్ఏ ద్వారా జన్యువుల నోరు మూయించే పద్ధతి ఒకటి కణాల్లో ఉందని చూపించారు. దానికి 2006లో నోబెల్ ఇచ్చారు. పెటూనియాలో జరిగిందీ ఆ కోవకి చెందినదే. ఇవాళ ఆ పద్ధతి మీద మందులు తయారవుతున్నాయి.

మన ఊళ్లోనే భాలుబాసాలో ఒక ఇంటి గోడ మీద రాధామనోహరం తీగ ఉంది. ఆ ఇంటి పెద్దావిడది శ్రీకాకుళం వైపు. ఓ రోజు అటు వెళ్తుంటే ఆపి అడిగింది.

“మేష్టారూ, ఈ తీగకి మూడు రకాల పూలు పూస్తాయేటి? తెలుపూ, గులాబీ, ఎరుపూ! అంటు కట్టారేటి దీనికి?”

“అంటు కాదమ్మా, అన్నీ ఒకే పువ్వు. సాయంత్రం ఒక తెల్లపువ్వుకి దారం కట్టి, రేపూ ఎల్లుండీ చూడండి” అన్నాను.

ఆవిడ కట్టింది కూడా. సాయంత్రం విచ్చుకున్నప్పుడు తెలుపు. రాత్రి తిరిగే పెద్ద చిమ్మటలకి కనిపించాలి కదా. మర్నాటికి గులాబీ, ఆపైన ఎరుపు. మొగ్గలో ఉన్నప్పుడే రంగంతా సిద్ధం కాదు. పువ్వు విచ్చుకున్నాక కూడా ఎంజైములు పనిచేస్తూ ఆంథోసయనిన్ పోగుచేస్తాయి. కనుక అది నాలుగో రకం తెలుపు, అంటే పని ఇంకా మొదలుకాని తెలుపు.

ఇలాంటిదే దల్మా కొండవైపు పొదలు పొదలుగా పెరిగే లాంటానా. ఝార్ఖండ్‌లో పుటుస్ అంటారు. మనవాళ్లలో కొందరికి తలంబ్రాల చెట్టు. అమెరికా ఖండాల నుంచి వచ్చి అడవిని ఆక్రమించిన కంప అది, దానిమీద నాకేం ప్రేమ లేదు. కానీ పూగుత్తిని ఒకసారి దగ్గరగా చూడండి. మధ్యలో అప్పుడే విచ్చుకున్న పూలు పసుపు, అంచున ఉన్న ముదురుపూలు ఎరుపో, గులాబీయో. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మోహన్‌రామ్, మాథుర్ దీన్ని పరిశీలించారు. పరాగసంపర్కం జరిగిన పువ్వులో డెల్ఫినిడిన్ తయారై, కిందున్న పసుపుని కప్పేస్తుందని 1984లో రాశారు.

ఇదే లాంటానా దగ్గర, అంతకు పాతికేళ్ల ముందు, ఒక తెలుగు కుర్రాడు నిలబడి సీతాకోకచిలుకల్ని లెక్కపెట్టాడు. ఆయన పేరు ద్రోణంరాజు కృష్ణ. పిఠాపురం వాడు. ఆయన దగ్గరికి రావాలంటే ముందు కేంబ్రిడ్జికి వెళ్లాలి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కేంబ్రిడ్జిలో మ్యూరియల్ వెల్డేల్ అనే ఆవిడ కుక్కమూతి పువ్వుల మీద పని మొదలుపెట్టింది. పువ్వు రంగు ఏ తరంలో ఎలా వస్తోందన్నది ఒక చేత్తో, ఆ రంగు రసాయనం ఏమిటన్నది ఇంకో చేత్తో పట్టుకుంది. అప్పట్లో ఆ రెండూ కలిపి చూసినవాళ్లు తక్కువ. తర్వాత జె.బి.ఎస్. హాల్డేన్ అక్కడ జీవరసాయన శాస్త్రం చెప్పేవాడు, జాన్ ఇన్నెస్ ఉద్యాన పరిశోధన సంస్థలోనూ పనిచేసేవాడు. జన్యువుకీ ఎంజైముకీ ఉన్న బంధుత్వాన్ని పట్టుకోవాలంటే పూలకంటే మంచి చోటు లేదని ఆయన నమ్మకం. ఆయన ప్రోత్సాహంతో రోజ్ స్కాట్ మాంక్రీఫ్ 1930లలో ఎన్నో పూల రంగుల్ని విడదీసి, ఫలానా జన్యువు మారితే అణువులో ఫలానా చిన్న మార్పు వస్తోందని వరసగా చూపించింది. ఒక జన్యువు, ఒక ఎంజైము అనే మాటకి 1958లో నోబెల్ దక్కింది బీడిల్, టాటమ్‌లకి, వాళ్లు పనిచేసిన బూజుకి. పూలకి మాత్రం ఆ పేరు రాలేదు. నన్నడిగితే ఆ ఇద్దరు ఆడవాళ్ల పనికి రావలసినంత పేరు ఇప్పటికీ రాలేదు.

ఆ హాల్డేన్ 1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తా వచ్చేశాడు. మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. మన టాటానగర్ నుంచి హౌరా ఎంత దూరం? పొద్దున బండెక్కితే మధ్యాహ్నానికి దిగిపోతాం. అక్కడ హాల్డేన్ దగ్గర విద్యార్థిగా చేరినవాడే ద్రోణంరాజు. హాల్డేన్ పద్ధతి ఏమిటంటే, ఖరీదైన యంత్రాలు లేవని ఏడవకు, కళ్లున్నాయి, కాగితం ఉంది, లెక్కపెట్టు. కుర్రాడు లాంటానా పొదల దగ్గర నిలబడ్డాడు. వేరువేరు రంగుల లాంటానాల మీద ఏ జాతి సీతాకోకచిలుక ఎన్నిసార్లు వాలిందో రాసుకున్నాడు. అన్నీ అన్నిటిమీదా వాలడం లేదు. కొన్నిటికి ఒక రంగు మక్కువ, కొన్నిటికి ఇంకొకటి. ఇది 1958లో కరెంట్ సైన్స్‌లో, 1960లో నేచర్‌లో అచ్చయింది. రంగుని బట్టి సీతాకోకచిలుకలు విడిపోతే, పుప్పొడి కూడా రంగుని బట్టి విడిపోతుంది. ఒకేచోట పెరుగుతున్న మొక్కలు కాలక్రమాన రెండు జాతులుగా చీలడానికి అదొక కారణం కావచ్చన్నది ఆయన వాదం. ఒక ఎంజైము చేసిన చిన్న మార్పు ఎంత దూరం పోగలదో చూశారా!

హాల్డేన్ భారత పౌరసత్వం తీసుకుని, 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో చనిపోయాడు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి ఇచ్చెయ్యమని రాసిపెట్టాడు. అలాగే ఇచ్చారు.

ఒక మాట మధ్యలో. ఎరుపులన్నీ ఆంథోసయనిన్లే అనుకోకండి. బతుకమ్మలో పేర్చే గునుగు, కోడిజుట్టు పువ్వు, గోడలమీద కాగితంపూలు, సాయంత్రం విచ్చుకునే చంద్రకాంత, చిన్నప్పుడు సిరాగా వాడుకున్న బచ్చలిపళ్లు, ఇవన్నీ బీటలైన్లు అనే వేరే కుటుంబం. బీట్‌రూట్ రంగే. ఆశ్చర్యం ఏమిటంటే బీటలైన్ చేసే మొక్క ఆంథోసయనిన్ చెయ్యదు, అది చేసేది ఇది చెయ్యదు. రెండూ కలిసి ఒకే మొక్కలో ఇంతవరకూ ప్రకృతిలో కనపడలేదు.

ఇప్పుడు నీలం సంగతి. మూడో జట్టు తగిలించే ఎంజైము గులాబీకి లేదన్నాను కదా. జపాన్‌లో సన్‌టోరీ కంపెనీ ప్యాన్సీ పువ్వు నుంచి ఆ జన్యువుని తెచ్చి గులాబీలో పెట్టింది. 2004లో ప్రకటించారు, 2009లో అప్లాజ్ అనే పేరుతో అమ్మారు. పేరుకి నీలి గులాబీ. చూస్తే లేత వంకాయరంగు. డెల్ఫినిడిన్ ఉన్నంత మాత్రాన నీలం రాదని దానితో తేలిపోయింది. కణంలోని రసం ఎంత పుల్లగా ఉంది, పక్కన ఏ పదార్థాలున్నాయి, అణువుకి ఏమేం తగిలించి ఉన్నాయి, ఇవన్నీ కలిస్తేనే కంటికి నీలం.

ఆ చివరి కిటుకు దొరికింది మన శంఖపుష్పంలో. బెంగాలీలు, బిహారీలు అపరాజిత అంటారు. దేవీ పూజకి కోసుకుపోయే పువ్వే. దాని నీలం అంత చిక్కగా ఉండడానికి కారణం డెల్ఫినిడిన్ అణువుకి రెండు పక్కలా చక్కెరలు, వాటికి ఇంకొన్ని తోకలు ఉండడం. శంఖపుష్పంలోనే వెలిసిపోయినట్టుండే లేత ఊదా రకం ఒకటుంది. అందులో డెల్ఫినిడిన్ ఉంది కానీ ఆ పక్కల చక్కెరలు లేవు. ఈ రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూడడం వల్లే, చక్కెర తగిలించే ఎంజైము విలువ అర్థమైంది. 2017లో జపాన్‌లోని సుకుబాలో నవోనోబు నోదా బృందం చామంతిలో రెండు జన్యువులు పెట్టింది. మూడో జట్టు తగిలించేది కాంటర్‌బరీ బెల్ అనే గంట పువ్వుది. చక్కెర తగిలించేది శంఖపుష్పానిది. చామంతి పూరేకులో ముందునుంచే ఉన్న రంగులేని ఇంకో పదార్థం వీటికి తోడైంది. పూసింది నిజమైన నీలి చామంతి. దానికోసం వాళ్లు అంత దూరం నుంచి ఎంచుకున్నది మన పెరటి కంచె మీద పాకే తీగ జన్యువుని.

ప్రయోగశాలలో పుట్టిన రంగులు ఒక్కోసారి చెప్పకుండా బయటికి నడిచి వచ్చేస్తాయి కూడా. పెటూనియాకి సహజంగా నారింజరంగు లేదు. 1987లో జర్మనీలో మొక్కజొన్న జన్యువు ఒకటి చేర్చి నారింజ పెటూనియా చేశారు, ప్రయోగం అయిపోయింది. 2015లో తేము తేరి అనే ఫిన్‌లాండ్ శాస్త్రవేత్త హెల్సింకి రైల్వే స్టేషన్ దగ్గర తొట్లలో నారింజ పెటూనియాలు చూసి ఆగిపోయాడు. ఒక కొమ్మ తుంచుకుపోయి పరీక్షిస్తే మొక్కజొన్న జన్యువే. అనుమతి లేని మొక్కలని 2017లో యూరప్, అమెరికాల్లో దుకాణాల నుంచి వెనక్కి తెప్పించి నాశనం చేయించారు. ఎలా బయటపడ్డాయో గానీ, పట్టుకున్నది మాత్రం రంగు దారి తెలిసిన కన్ను.

మీకు యంత్రాలు అక్కర్లేదు. రేపు పొద్దున నాలుగు శంఖపుష్పాలు వేడినీళ్లలో వేయండి, నీళ్లు నీలంగా మారతాయి. నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి, ఊదారంగుకి తిరుగుతుంది. వేరే గ్లాసులో చిటికెడు వంటసోడా వేస్తే ఆకుపచ్చవైపు పోతుంది. జన్యువు మారలేదు, ఎంజైము మారలేదు, పులుపు మారింది, అంతే. పిల్లల చేత చేయించండి.

ఇంకొక్క మనవి. శంఖపుష్పం విత్తనాలు వేసినప్పుడు వెలిసినట్టున్న లేత ఊదాదో, తెల్లదో వస్తే, ఇదేం పువ్వు అని పీకి పారేయకండి. కాయలు ఎండాక విత్తనాలు విడిగా తీసి, పొట్లం మీద రంగు రాసి పెట్టుకోండి. నీలంలో ఏముందో శాస్త్రవేత్తలు తెలుసుకున్నది అలాంటి లేత పువ్వుని పక్కన పెట్టి చూసే.